ఫ్యాక్టరీ పొగ ఎక్కడిదాకా పోతుందో కంప్యూటర్ మోడల్‌తో లెక్కేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, ఒక్కోసారి అదే మనిషి దగ్గర్నుంచి రెండోసారి కూడా. అందుకే అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. పని ఏ దశలో ఉందో దాన్నిబట్టి విడగొట్టా, మీకు కావల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కొన్ని చోట్ల నా సొంత అభిప్రాయం కూడా కలిసిపోయింది, అది మీరు పసిగట్టేస్తారులెండి.

## ఇంకా మొదలుపెట్టని దశ

ఈ మోడల్ అసలు ఏం చేస్తుంది, సింపుల్‌గా చెప్పండి

జమాఖర్చుల పుస్తకం లాంటిది. గాలిని పెట్టెలు పెట్టెలుగా కోసేసి, ఒక్కో పెట్టెలోకి ఎంత కాలుష్యం వచ్చింది, పక్క పెట్టెలోకి ఎంత జారిపోయింది, లోపల కెమిస్ట్రీ వల్ల ఎంత కొత్తగా పుట్టింది, వానకి కడుక్కుపోయింది ఎంత, నేల మీదా ఆకుల మీదా అంటుకుపోయింది ఎంత, ఇవన్నీ నిమిషాల లెక్కన కూడుతూ తీసేస్తూ పోతుంది. లోపలికి మూడు ఇవ్వాలి: ఎవరు ఎంత వదిలారు, గాలీ ఎండా ఎలా ఉన్నాయి, మనం చూసే ప్రాంతం అంచుల్లోంచి ఏం వస్తోంది. బయటికి వచ్చేది ఏ గంటకి ఏ చోట గాలిలో ఏది ఎంత ఉంది అనే లెక్క.

మానిటర్లు పెట్టి కొలుస్తూనే ఉన్నారు కదా, మళ్ళీ మోడల్ దేనికి?

మానిటర్ ఆ ఒక్క చోట ఎంత ఉందో చెప్తుంది, అది ఎవరి పొగ అనేది చెప్పదు. ఇంకా కట్టని ఫ్యాక్టరీ గురించి అసలు ఏమీ చెప్పలేదు. "ఈ యూనిట్ రెండింతలు చేస్తే 40 కి.మీ. అవతల ఏమవుతుంది" లాంటి ప్రశ్నకి కొలత దగ్గర జవాబుండదు, మోడల్ దగ్గర ఉంటుంది. అలాగని కొలతలు లేకుండా మోడల్‌ని ఒంటరిగా వదిలేస్తే అది ఏం చెప్పినా తలూపాల్సి వస్తుంది, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు. రెండూ కావాలి.

గొట్టంలోంచి కనిపించే పొగే కదా అసలు సమస్య?

చాలాసార్లు కాదు. తెల్లగా గుబురుగా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం నీటి ఆవిరే అయ్యుండొచ్చు. సల్ఫర్ డయాక్సైడ్‌కి రంగు లేదు, నైట్రిక్ ఆక్సైడ్‌కి కూడా లేదు. పైగా గొట్టంలోంచి గ్యాస్‌గా వచ్చింది దారిలో సన్నటి ధూళిగా మారుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఆక్సీకరణ చెంది, అమ్మోనియాతో కలిసి అమ్మోనియం సల్ఫేట్ కణాలు అవుతుంది. 1 కిలో సల్ఫర్ డయాక్సైడ్ పూర్తిగా అలా మారితే సుమారు 2 కిలోల ధూళి, ఎందుకంటే ఆక్సిజన్, అమ్మోనియా, నీళ్ళ బరువు కూడా కలుస్తుంది. ఫిల్టర్లు పెట్టి ధూళి మొత్తం ఆపేశాం అని చెప్పే యూనిట్ వల్ల కూడా 200 కి.మీ. అవతల పీఎం2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటి ధూళి) పెరగడానికి ఇదే కారణం. ప్రాంతీయ మోడల్ అవసరం అంతా ఇక్కడే పుడుతుంది, నన్నడిగితే.

రిసెప్టర్ మోడల్, డిస్పర్షన్ మోడల్ రెండూ ఒకటేనా?

కాదు, ఎదురెదురు దిక్కులు. డిస్పర్షన్ మోడల్ గొట్టం దగ్గర మొదలై ఊరి వైపు వస్తుంది. రిసెప్టర్ మోడల్ (పీఎంఎఫ్, సీఎంబీ లాంటివి) ఊళ్ళో ఫిల్టర్ మీద పడ్డ ధూళిని ల్యాబ్‌లో విడగొట్టి, అందులో ఉన్న మూలకాల్ని చూసి ఇది బొగ్గుది, ఇది వాహనాలది అని వెనక్కి వెళ్తుంది. రెండోదానికి గాలి లెక్కలు అక్కర్లేదు కానీ ఒకే రకం బొగ్గు కాల్చే రెండు ఫ్యాక్టరీల్ని అది విడదీయలేదు. దారిలో పుట్టిన సల్ఫేట్ ఎవరిదో చెప్పడం కూడా దానికి కష్టమే.

## మోడల్ ఎంచుకునే దశ

అన్నిటికన్నా బెస్ట్ మోడల్ ఏది?

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి జవాబు లేదు, ముందు మీ ప్రశ్న ఏంటో చెప్పాలి. గొట్టం చుట్టూ 10, 20 కి.మీ.లో సల్ఫర్ డయాక్సైడ్ గంట సగటు ఎంత అంటే ఏర్‌మాడ్ చాలు. వందల కి.మీ.లో పీఎం2.5, ఓజోన్ ఎలా మారతాయి అంటే కెమిస్ట్రీ పూర్తిగా ఉన్న గ్రిడ్ (గాలిని పెట్టెలుగా కోసే) మోడల్ కావాలి, అంటే సీమ్యాక్, క్యామ్ఎక్స్, షిమేర్, వర్ఫ్-కెమ్ లాంటివి. నిన్న మా మీదకి వచ్చిన పొగ ఏ వైపు నుంచి వచ్చింది అనేదొక్కటే కావాలంటే హైస్ప్లిట్‌లో వెనక్కి దారి గీసుకుంటే చాలు, పావుగంట పని. చిన్న ప్రశ్నకి సీమ్యాక్ ఎత్తుకున్నవాళ్ళని చూశా, ఆర్నెల్లు కొండని తవ్వి ఎలుకని పట్టారు. దానికన్నా ఘోరం ఇంకోటుంది, పెద్ద ప్రశ్నకి చిన్న మోడల్ వాడి "ప్రభావం ఏమీ లేదు" అని తేల్చేయడం.

ఏర్‌మాడ్‌తో 100 కి.మీ. దాకా చూడొచ్చా?

వద్దు. దాని హద్దు 50 కి.మీ. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2005లో దాన్ని తమ ప్రధాన మోడల్‌గా తీసుకుంది కూడా ఆ పరిధికే. కారణం తెలిస్తే మళ్ళీ అడగరు: అది ప్రతి గంటనీ విడిగా చూస్తుంది, ఆ గంటలో గాలి ఎటు ఉంటే అటు పొగని గీత గీసినట్టు తిన్నగా లాగేస్తుంది. గాలి సెకనుకి 2 మీటర్లు ఉంటే గంటలో నిజంగా పోయేది 7 కి.మీ. చిల్లర, 50 కి.మీ. చేరాలంటే దాదాపు 7 గంటలు. ఆ 7 గంటల్లో గాలి దిక్కు మారదా? మోడల్ మాత్రం మారదనే అనుకుంటుంది. కిందటి గంట పొగ ఇంకా అక్కడే తచ్చాడుతోందన్న సంగతి కూడా దానికి గుర్తుండదు. దూరం పెరిగేకొద్దీ ఈ అబద్ధం ముదురుతుంది.

కాల్‌పఫ్ ఇంకా వాడొచ్చా?

అది పొగని గుప్పలు గుప్పలుగా వదిలి ఒక్కో గుప్పని గాలి వెంట నడిపిస్తుంది కాబట్టి గాలి మలుపులు పట్టుకోగలదు. చాలాకాలం దూర ప్రయాణాలకి అదే దిక్కు. 2017లో ఈపీఏ తన ప్రధాన మోడళ్ళ లిస్టులోంచి తీసేసింది, ప్రాథమిక వడపోతకి వాడుకోవచ్చు అంది. దాని కెమిస్ట్రీ చాలా పొట్టిది. ఓజోన్, సెకండరీ ధూళి (దారిలో గ్యాస్ నుంచి పుట్టేది) మీ ప్రశ్న అయితే వేరేది చూసుకోండి.

గ్రిడ్ 1 కి.మీ. పెట్టేస్తే ఇంకా కరెక్ట్‌గా వస్తుంది కదా?

ఖర్చు ముందు చూడండి. గ్రిడ్ సైజు సగం చేస్తే పెట్టెలు 4 రెట్లు, పైగా టైమ్ స్టెప్ కూడా సగం చేయాలి (ఒక స్టెప్‌లో గాలి ఒక పెట్టె దాటిపోకూడదు, దాటితే లెక్క పేలిపోతుంది), అంటే మొత్తం 8 రెట్ల పని. 4 కి.మీ. నుంచి 1 కి.మీ.కి దిగితే 64 రెట్లు. అంత ఖర్చు పెట్టినా మీ ఎమిషన్ డేటా (ఎవరు ఎంత వదిలారన్న లెక్క) 10 కి.మీ. గళ్ళలోదైతే ఏం లాభం, అదే సమాచారాన్ని చిన్న ముక్కలుగా కోసి చూపిస్తుంది అంతే. అలాగని 12 కి.మీ. గళ్ళతో గొట్టం పక్క ఊరి సంగతి తేల్చబోకండి, ఎందుకంటే గొట్టం వదిలిన పొగ అదే క్షణంలో 144 చదరపు కి.మీ. మొత్తానికీ సమానంగా కలిసిపోయినట్టు లెక్కేస్తుంది మోడల్. దగ్గర్లో తక్కువ, దూరంలో కెమిస్ట్రీ మరీ తొందర, రెండూ తప్పులే. మామూలుగా చేసేది 36, 12, 4 కి.మీ. అని ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ దిగడం. క్యామ్ఎక్స్‌లో పెద్ద గొట్టాల పొగని గ్రిడ్‌లో కలిపేముందు కొంతదూరం గుప్పలుగా విడిగా నడిపించే సదుపాయం కూడా ఉంది.

మామూలు ల్యాప్‌టాప్‌లో రన్ అవుతుందా?

ఏర్‌మాడ్ హాయిగా అవుతుంది. సీమ్యాక్, వర్ఫ్ లాంటివి చిన్న డొమైన్ (లెక్కేసే ప్రాంతం), రెండు మూడు రోజులు అంటే నేర్చుకోడానికి అవుతాయి, ఏడాది మొత్తం అంటే చాలా కంప్యూటర్లు కలిపిన క్లస్టర్ కావాలి. 100 × 100 గళ్ళు, 30 పొరలు అనుకుంటే 3 లక్షల పెట్టెలు, ఒక్కో పెట్టెలో వందకి పైగా రసాయనాలు, ప్రతి కొన్ని నిమిషాలకీ అవన్నీ మళ్ళీ లెక్క. ప్రాసెసర్ కన్నా ముందు హార్డ్ డిస్క్ నిండిపోతుంది, ఇది ఎవరూ చెప్పరు.

ఏఐతో చేసేయొచ్చు కదా ఇప్పుడు?

రేపు గాలి ఎలా ఉంటుంది అనే అంచనాకి బాగానే పనికొస్తుంది. కానీ "ఈ ఫ్యాక్టరీ లేకపోతే" అనే ప్రశ్నకి జాగ్రత్త. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడూ నడిచిన డేటా మీదే నేర్చుకున్న ప్రోగ్రామ్‌కి అది లేని లోకం ఎలా ఉంటుందో ఎక్కణ్ణుంచి తెలుస్తుంది? పెద్ద మోడల్‌ని వందసార్లు రకరకాల ఎమిషన్లతో నడిపి, ఆ ఫలితాల మీద మెషిన్ లెర్నింగ్‌కి తర్ఫీదు ఇచ్చి వేగంగా వాడుకోవడం మాత్రం మంచి దారే. అంటే పెద్ద మోడల్ మాత్రం ముందు నడవాల్సిందే.

## ఎమిషన్ డేటా దశ

ఫ్యాక్టరీ ఎంత వదులుతుందనే నంబర్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

మూడు దారులు. గొట్టంలోనే నిరంతరం కొలిచే పరికరాల డేటా ఉంటే అది అన్నిటికన్నా మేలు. లేకపోతే కాల్చిన ఇంధనంలోంచి లెక్కేయాలి. ఉదాహరణకి రోజుకి 1000 టన్నుల బొగ్గు, అందులో గంధకం 0.5% అంటే 5 టన్నుల గంధకం, కాలినప్పుడు ఆక్సిజన్ కలిసి బరువు రెట్టింపవుతుంది కాబట్టి సుమారు 10 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ (కొంచెం బూడిదలో ఉండిపోతుంది). సెకనుకి లెక్కేస్తే దాదాపు 116 గ్రాములు, మోడల్‌కి ఇచ్చేది ఈ రూపంలోనే. మూడోది ఎమిషన్ ఫ్యాక్టర్, అంటే ఫలానా రకం పరిశ్రమ టన్ను సరుకు తయారుచేస్తే సగటున ఇంత వదులుతుంది అనే పట్టిక నంబర్, ఈపీఏ వాళ్ళ ఏపీ-42 అలాంటిదే. సగటు అన్న మాట మర్చిపోకండి, మీ ఫ్యాక్టరీ ఆ సగటుకి రెండింతలు కావచ్చు, సగం కావచ్చు. ప్రపంచం మొత్తానికీ గళ్ళ లెక్కన ఎడ్గార్ డేటా ఫ్రీగా దొరుకుతుంది, 0.1 డిగ్రీ, అంటే సుమారు 11 కి.మీ. గళ్ళు. ప్రాంతం మొత్తం నేపథ్యానికి బాగుంటుంది, ఒక్క ఫ్యాక్టరీ మీద వేలు పెట్టి చూపించడానికి కాదు.

నన్నడిగితే మొత్తం ప్రాజెక్టులో సగం టైమ్ ఇక్కడే పెట్టండి. పిండి కొద్దీ రొట్టె.

గొట్టం ఎత్తు, టెంపరేచర్, వేగం ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారు, టన్నులు చెప్తే చాలదా?

చాలదు. వేడి పొగ గొట్టం దాటాక కూడా పైకి లేస్తుంది, ఒక్కోసారి గొట్టం ఎత్తుకి రెట్టింపు దాకా, మోడల్‌కి కావల్సింది ఆ చివరి ఎత్తు. అదే 10 టన్నులు 30 మీటర్ల నుంచి వదిలితే ఒక కథ, 300 మీటర్ల నుంచి వదిలితే పూర్తిగా వేరే కథ. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది: సల్ఫర్ తీసేసే తడి స్క్రబ్బర్ (ఎఫ్‌జీడీ) పెట్టాక పొగ 120-150 డిగ్రీల నుంచి 50-60 డిగ్రీలకి చల్లబడుతుంది, మళ్ళీ వేడి చేసి వదలకపోతే అంత పైకి లేవదు. సల్ఫర్ 90% పైన తగ్గుతుంది, సంతోషమే, కానీ అదే గొట్టంలోంచి వచ్చే నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) తగ్గలేదు కదా, అది ఇప్పుడు ఇంకాస్త కిందనుంచి బయల్దేరుతోంది. చాలామంది సల్ఫర్ నంబర్ మార్చి టెంపరేచర్ పాతదే ఉంచేస్తారు.

గొట్టం పక్కనున్న బిల్డింగ్ సైజులు కూడా కావాలంటున్నారేంటి?

గాలి బిల్డింగ్ దాటాక దాని వెనక సుడి తిరుగుతుంది, గొట్టం పొట్టిదైతే పొగ ఆ సుడిలో ఇరుక్కుని నేరుగా కిందకి దిగుతుంది. దీన్ని డౌన్‌వాష్ అంటారు. బిల్డింగ్ ఎత్తుకి, దాని ఎత్తు వెడల్పుల్లో ఏది తక్కువో దానికి ఒకటిన్నర రెట్లు కలిపితే వచ్చే ఎత్తు దాటి గొట్టం ఉంటే ఈ బెడద పెద్దగా ఉండదు. ప్రహరీ పక్కనే ఇళ్ళున్న చోట దీన్ని వదిలేసి చేసిన లెక్క చిత్తు కాగితమే.

నాక్స్ లెక్క ఒక్కొక్కళ్ళ దగ్గర ఒక్కోలా వస్తోంది, ఎవరిది కరెక్ట్?

చాలాసార్లు ఇద్దరిదీ కరెక్టే, బరువు కట్టిన పద్ధతి వేరు. గొట్టంలోంచి వచ్చే నాక్స్‌లో 90-95% నైట్రిక్ ఆక్సైడే, కానీ లెడ్జర్లో రాసేటప్పుడు మొత్తం నైట్రోజన్ డయాక్సైడ్ అయినట్టు అనుకుని బరువు రాస్తారు. మొదటిదాని అణుభారం 30, రెండోదాని అణుభారం 46. ఎలా రాశారో చూసుకోకుండా మోడల్‌లో పెడితే ఒకటిన్నర రెట్లు తేడా, చడీచప్పుడు లేకుండా.

నాకు ఒక్క ఫ్యాక్టరీ సంగతే కావాలి, వాహనాలు, పొలాలు, అడవులు అన్నీ ఎందుకు పెట్టాలి?

కెమిస్ట్రీ ఒంటరిగా జరగదు కాబట్టి. సల్ఫేట్, నైట్రేట్ ధూళికి అమ్మోనియా కావాలి, అది ఎక్కువగా వచ్చేది పశువుల నుంచీ ఎరువుల నుంచీ. ఓజోన్‌కి వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే కార్బన్ రసాయనాలు) కావాలి, వేడి రోజుల్లో చెట్లు కూడా బోలెడు వదుల్తాయి. చుట్టూ ఖాళీ ఆకాశం పెట్టి ఒక్క గొట్టాన్ని వదిలితే మోడల్ నడుస్తుంది, మ్యాప్ కూడా అందంగా వస్తుంది, దానికి అర్థం మాత్రం ఉండదు. రసాయనికంగా ఏమీ మారని దుమ్ము, అదీ దగ్గర దూరంలో చూస్తున్నారంటే అప్పుడు ఒక్కదాన్నే పెట్టి, నేపథ్యాన్ని చివర్లో కలుపుకోవచ్చు.

## వాతావరణం డేటా దశ

దగ్గర్లోని వాతావరణ కేంద్రం గాలి డేటా ఒక్కటి సరిపోదా?

చదునైన నేల, 10 కి.మీ. పరిధి అయితే సరిపోవచ్చు. కొండలు, సముద్ర తీరం ఉంటే కష్టం. కేంద్రంలో గాలి కొలిచేది 10 మీటర్ల ఎత్తులో, మీ పొగ పోయేది 300 మీటర్ల పైన, ఆ రెండిట్లో దిక్కే వేరుగా ఉండొచ్చు. తీరంలో పగలు లోపలికి, రాత్రి సముద్రం మీదకి, పొద్దున మళ్ళీ నిన్నటి పొగే వెనక్కి. అందుకే ప్రాంతీయ పనికి వర్ఫ్ లాంటి వాతావరణ మోడల్ నడిపి గాలిని మూడు కొలతల్లో తయారుచేసుకుంటాం. దానికి మొదటి మేత ఎరా5 లాంటి రీఅనాలిసిస్ (పాత కొలతల్ని మోడల్‌తో కలిపి తయారుచేసిన వాతావరణ డేటా), ప్రపంచమంతా గంట గంటకీ, సుమారు 31 కి.మీ. గళ్ళలో, 1940 నుంచి ఉంది, ఫ్రీ.

ఫ్యాక్టరీ ఏడాదంతా ఒకేలా నడుస్తుంటే చలికాలంలోనే గాలి ఎందుకు పాడవుతుంది?

గది అదే, పైకప్పు కిందకి దిగుతుంది. ఎండాకాలం పగలు నేల వేడికి గాలి 1-2 కి.మీ. ఎత్తుదాకా గిలక్కొట్టినట్టు కలుస్తుంది. చలికాలం రాత్రి ఆ పొర 100-300 మీటర్లకి పడిపోతుంది. అదే పొగ పదోవంతు జాగాలో ఇరుక్కుంటే ఎంతవుతుందో మీరే చూడండి. దీనికి చరిత్రలో ఉన్న ఘోరమైన ఉదాహరణ 1948 అక్టోబర్‌లో అమెరికాలోని డొనోరా. లోయలో ఊరు, జింక్, స్టీల్ ఫ్యాక్టరీలు, పైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు రోజుల తరబడి కదల్లేదు, 20 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలు అంతకుముందూ అలాగే నడిచాయి. అందుకే మోడల్‌లో ఈ పొర ఎత్తు తప్పితే మిగతావన్నీ కరెక్టయినా ఫలితం తప్పుతుంది, నేను వర్ఫ్ రన్ అవగానే ముందు చూసేది దీన్నే, ఆ తర్వాతే గాలి వేగం.

ఇంకోటి, పొడుగు గొట్టం పొగ రాత్రంతా ఆ మూత పైన తేలుతూ కింద ఏమీ తెలియనివ్వదు. పొద్దున ఎండెక్కి మూత పగలగానే మొత్తం ఒక్కసారి నేలకి దిగుతుంది. ఉదయం 8-10 మధ్య అర్థంకాని శిఖరం కనిపిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి.

ఎన్నేళ్ళ వాతావరణం తీసుకోవాలి?

ఏర్‌మాడ్‌కి బయటి కేంద్రం డేటా అయితే 5 ఏళ్ళు, ఫ్యాక్టరీ దగ్గరే కొలిచిందయితే కనీసం 1 ఏడాది అనేది ఈపీఏ పద్ధతి. ప్రాంతీయ మోడల్‌కి అన్నేళ్ళు చేయలేం, 1 ఏడాది చేస్తారు, అదీ కుదరకపోతే ఒక్కో కాలం నుంచి ఒక నెల. ఆ ఏడాది వానలు మామూలుగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి. బాగా వానలు పడ్డ ఏడాదిని ఎంచుకుంటే ప్రతి ఫ్యాక్టరీ మంచిదే.

## రన్ చేసే దశ

మొదటి వారం రిజల్ట్ పారేయమంటున్నారు, అంత కష్టపడి రన్ చేసి ఎందుకు పారేయాలి?

మొదటి నిమిషంలో మోడల్‌లో ఉన్న గాలి మనం ఊహించి నింపింది, నిజం కాదు. ఆ ఊహ గాలి డొమైన్ దాటి బయటికి పోయి, మీ ఎమిషన్లతో, అంచుల్లోంచి వచ్చే గాలితో నిండేదాకా ఆగాలి. ప్రాంతీయ రన్‌కి వారం, పది రోజులు మామూలు. అంచుల్లో గాలి కోసం ప్రపంచ మోడల్ (జియోస్-కెమ్ లాంటిది) ఫలితాలు వాడండి, స్థిరమైన నంబర్ ఒకటి పెట్టేసి ఊరుకుంటే ఓజోన్ ఎప్పటికీ కుదరదు.

రన్ అయితే ఆగకుండా అయింది, కానీ నంబర్లు పిచ్చిపిచ్చిగా ఉన్నాయి, ఎక్కడ వెతకాలి?

కెమిస్ట్రీ జోలికి ఇప్పుడే పోకండి. ముందు పిచ్చి తప్పులు చూడండి: అక్షాంశం రేఖాంశం తారుమారయ్యాయా, గొట్టం సముద్రంలో పడిందా, గంటకి టన్నులు సెకనుకి గ్రాములుగా మార్చారా, మొత్తం ఎమిషన్ కూడితే మీ లెడ్జర్ మొత్తంతో కలుస్తోందా. ఇక టైమ్. ప్రాంతీయ మోడళ్ళు మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తాయి, ఎమిషన్ పట్టికలు స్థానిక సమయంలో ఉంటాయి. నేనొకసారి ఆ మార్పు చేయడం మర్చిపోయి రోజంతా ఎమిషన్లని కొన్ని గంటలు పక్కకి జరిపేశా, పగలు ట్రాఫిక్ అర్ధరాత్రి మూత కింద పడి నంబర్లు ఆకాశానికి అంటాయి, మూడు వారాలు నిలువు మిక్సింగ్ కోడ్‌లో తప్పుందని తిట్టుకుంటూ తిరిగా. ఇప్పుడు ఏ రన్ అయినా ముందు ఒక్క రోజు ట్రాఫిక్ ఎమిషన్ గంట గంటకీ గీసి చూసుకున్నాకే ముందుకెళ్తా.

## రిజల్ట్స్ వచ్చిన దశ

మోడల్‌కీ మానిటర్‌కీ కలవట్లేదు, ఎంత తేడా ఉంటే పర్లేదు?

అచ్చంగా కలవదు, కలిస్తేనే నాకు అనుమానం. రోజువారీ పీఎం2.5కి మొత్తం మీద బయాస్ (సగటున ఎక్కువో తక్కువో చెప్పే తేడా) ±30% లోపు ఉంటే వాడుకోవచ్చు, ±10% లోపు అయితే చాలా బాగున్నట్టు అనేది ఈ రంగంలో ఎక్కువమంది వాడే కొలబద్ద. ఓజోన్‌కి ±15%, ±5%. గొట్టం దగ్గరి మోడళ్ళకి, సగం కన్నా ఎక్కువ అంచనాలు కొలతకి సగం నుంచి రెండింతల మధ్య పడ్డాయా అని చూస్తారు. ఒక్క నంబర్ చూసి సంబరపడకండి, పగలు ఎక్కువ చెప్పి రాత్రి తక్కువ చెప్పినా సగటు సరిపోతుంది. సల్ఫేట్ ఎక్కువ, ఆర్గానిక్ ధూళి తక్కువ అయినా మొత్తం పీఎం2.5 సరిపోతుంది. అలాంటి మోడల్‌తో "సల్ఫర్ తగ్గిస్తే" అని అడిగితే తప్పు జవాబు గట్టి గొంతుతో చెప్తుంది. ఇంకా మానిటర్ రోడ్డు పక్కన ఉండి, మోడల్ గడి 12 కి.మీ. అయితే అసలు ఆ రెండిటికీ పోలికే లేదు.

ఫ్యాక్టరీ వాటా 20% అంటే, మూసేస్తే 20% తగ్గుతుందనేగా?

అందరూ అలాగే అనుకుంటారు, కానీ అవి రెండు వేరే ప్రశ్నలు. మోడల్ లోపల ప్రతి ఎమిషన్‌కీ ఒక చీటీ అంటించి చివర్లో ఎవరి చీటీ ఎంత ఉందో లెక్కపెట్టొచ్చు, క్యామ్ఎక్స్‌లో పీశాట్, సీమ్యాక్‌లో ఐసామ్ చేసేది ఇదే, దాన్నే వాటా అంటారు. రెండో పద్ధతిలో ఒకసారి ఫ్యాక్టరీతో, ఒకసారి లేకుండా నడిపి తేడా తీస్తారు, మూసేస్తే ఏమవుతుంది అనేదానికి జవాబు ఇది. రసాయనికంగా మారని ధూళికి రెండూ ఒకటే వస్తాయి. మారేవాటికి రావు. సల్ఫర్ తగ్గించారనుకోండి, సల్ఫేట్‌తో కట్టుబడిన అమ్మోనియా విడుదలై, గాలిలో ఖాళీగా ఉన్న నైట్రిక్ ఆమ్లాన్ని పట్టుకుని నైట్రేట్ ధూళి చేస్తుంది, చలికాలంలో మరీ. అంటే మీరు తగ్గించింది 10 అయితే గాలిలో తగ్గింది 7 కావచ్చు. పది ఫ్యాక్టరీల్ని ఒక్కోదాన్నీ విడిగా మూసి వచ్చిన తేడాలు కూడితే, పదీ ఒకేసారి మూసినప్పటి తేడాతో కలవదు. ఎవరి బాధ్యత ఎంత అని అడిగేవాళ్ళకి మొదటిది, ఏం చేస్తే ఫలితం ఉంటుందనేవాళ్ళకి రెండోది. రిపోర్ట్‌లో ఏది చేశారో రాయకపోతే ఆ శాతానికి విలువ లేదు.

నాక్స్ తగ్గిస్తే మోడల్‌లో ఓజోన్ పెరిగింది, బగ్ అనుకుంటా?

బగ్ కాకపోవచ్చు. గొట్టంలోంచి వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర్లో ఓజోన్‌ని తినేస్తుంది, అందుకే నాక్స్ దండిగా ఉన్న చోట ఓజోన్ తక్కువ. తినేవాడిని తగ్గిస్తే దగ్గర్లో ఓజోన్ పెరుగుతుంది. కానీ అదే నాక్స్ గాలివాటున పోయి, పలచబడి, వీఓసీలతో ఎండలో కలిసి, దూరంగా ఓజోన్‌ని పుట్టిస్తుంది, కాబట్టి నాక్స్ తగ్గిస్తే అక్కడ ఓజోన్ తగ్గుతుంది. మ్యాప్ మొత్తం చూపించండి, ఒక్క ఊరి నంబర్ చూపించి "తగ్గించడం వల్ల నష్టమే" అని వాదించేవాళ్ళకి ఆయుధం ఇవ్వకండి.

శాటిలైట్ ఫోటోతో మోడల్‌ని చెక్ చేయొచ్చా?

చేయొచ్చు, చేయాలి కూడా. 2017 అక్టోబర్‌లో వెళ్ళిన సెంటినెల్-5పీ మీదున్న ట్రోపోమీ నైట్రోజన్ డయాక్సైడ్‌ని సుమారు 5.5 × 3.5 కి.మీ. ముక్కల్లో చూపిస్తుంది, పెద్ద పవర్ ప్లాంట్ల తోకలు విడిగా కనపడతాయి. రెండు సంగతులు గుర్తుంచుకోండి: అది చూసేది నేల నుంచి పైదాకా మొత్తం గాలి నిలువుని, మనం పీల్చే గాలిని కాదు. రోజుకోసారి మధ్యాహ్నం 1:30 ప్రాంతంలో వస్తుంది, కాబట్టి రాత్రి సంగతి దానికి తెలీదు. మోడల్‌ని కూడా అదే గంటకి, అదే నిలువు మొత్తంగా లెక్కేసి పోల్చాలి.

పీపీబీని మైక్రోగ్రాముల్లోకి ఎలా మార్చాలి?

25 డిగ్రీలు, సముద్ర మట్టం దగ్గర: 1 పీపీబీ (గాలి వంద కోట్ల భాగాల్లో ఒక భాగం) సల్ఫర్ డయాక్సైడ్ అంటే ఘనపు మీటరుకి 2.62 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డయాక్సైడ్ 1.88, ఓజోన్ 1.96. ధూళికి పీపీబీ ఉండదు.

## రిపోర్ట్ చదివే దశ

గొట్టం ఎత్తు పెంచుతాం, సమస్య ఉండదు అంటున్నారు, నిజమేనా?

పక్క ఊరికి నిజం, పక్క రాష్ట్రానికి కాదు. కెనడాలోని సడ్‌బరీలో 1972లో 381 మీటర్ల గొట్టం మొదలుపెట్టారు, చుట్టుపక్కల గాలి బాగుపడింది, సల్ఫర్ మాత్రం ఇంకా దూరం ప్రయాణం కట్టింది. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో రోజు, రెండు రోజులు ఉండగలదు, గాలి సెకనుకి 5 మీటర్లు వీస్తే రోజుకి 430 కి.మీ. యూరప్‌లో ఇలాగే ఒక దేశం పొగ ఇంకో దేశం చెరువుల్లో ఆమ్ల వర్షంగా పడుతోందని గొడవై, 1979లో జెనీవాలో హద్దులు దాటే కాలుష్యం మీద ఒప్పందం జరిగింది, అక్కడ ప్రాంతీయ మోడళ్ళు ఎదగడానికి పెద్ద కారణం అదే. డొమైన్ 10 కి.మీ.తో ఆపేసిన రిపోర్ట్‌లో పొడుగు గొట్టం ఎప్పుడూ గెలుస్తుంది.

"కాలుష్యం పరిమితి లోపే ఉంది" అని రాశారు, నమ్మొచ్చా?

నేనైతే ఇవి వెతుకుతా. ఫ్యాక్టరీ కలిపేది ఒక్కటే చెప్పారా, ఇప్పటికే ఉన్న నేపథ్యంతో కలిపి చెప్పారా? గ్యాస్ నుంచి పుట్టే ధూళిని లెక్కలోకి తీసుకున్నారా, లేక గొట్టంలోంచి నేరుగా వచ్చే ధూళి ఒక్కటేనా? మిషన్లు ఆపి మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు వచ్చే పొగ ఉందా? బొగ్గు కుప్పలు, లారీల దుమ్ము, ఇవి నేల మట్టంలోనే వస్తాయి కాబట్టి టన్నుల్లో చిన్నవైనా పక్క ఇళ్ళకి పెద్దవి. గాలి అసలు కదలని గంటల్ని ఏం చేశారు? గాలి వేగం సున్నా అయితే, పొగ ఎలా పరుచుకుంటుందో లెక్కేసే గౌసియన్ సూత్రంలో భాగహారం చెడిపోతుంది కాబట్టి పాత మోడళ్ళు ఆ గంటల్ని వదిలేసేవి, సరిగ్గా గాలి అన్నిటికన్నా పాడయ్యే గంటలవే. ఏ పరిమితితో పోల్చారో కూడా చూడండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం2.5 ఏడాది సగటుని 10 నుంచి 5 మైక్రోగ్రాములకి దించింది, చాలా దేశాల చట్టబద్ధ పరిమితులు దానికన్నా చాలా పైన ఉన్నాయి.

మ్యాప్‌లో మా వైపంతా పచ్చగా ఉంది, అంటే మేం సేఫేనా?

రంగుల పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ముందు చూడండి. 0 నుంచి 100 పట్టీ పెడితే 15 కూడా పచ్చగానే ఉంటుంది, అదే ఫలితాన్ని 0 నుంచి 20 పట్టీతో గీస్తే ఎర్రగా మండుతుంది. తర్వాత అది ఏడాది సగటా, అత్యంత చెడ్డ రోజా చూడండి. ఏడాదికి 8760 గంటలు, అందులో 50 గంటలు ఊపిరాడకపోయినా సగటులో ఆనవాలు కూడా మిగలదు. రిపోర్ట్ చేసినవాళ్ళని ఆ గడి గంటవారీ ఫైల్ అడగండి, మోడల్ నడిచిందంటే ఆ ఫైల్ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది.